బండి నడుపుతూ వినడం, మెసేజ్‌లు చూసుకోవడం: ఏ యాప్‌లు పెట్టుకోవాలి, ఫోన్‌ని ఎలా సిద్ధం చేసుకోవాలి

"డ్రైవింగ్‌లో పాటలకీ, మెసేజ్‌లకీ మంచి యాప్ ఏదో చెప్పండి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకి నేను ముందు ఒక పని చెప్తాను. వాట్సాప్ తెరిచి, పోయినసారి కారులో ఊరికి వెళ్లిన రోజు దారిలో ఏయే మెసేజ్‌లు వచ్చాయో చూసుకోమంటాను. నేను హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లిన రోజుది ఇలా ఉంది: "బయల్దేరావా", "ఎక్కడిదాకా వచ్చావ్", "సూర్యాపేట దాటావా", "భోజనానికి ఆగమంటావా". మధ్యలో అపార్ట్‌మెంట్ గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గొడవ, నాలుగు గుడ్ మార్నింగ్‌లు. అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సింది ఒక్కటీ లేదు.

అంటే దారిలో వచ్చే మెసేజ్‌లలో ఎక్కువ భాగం మనం ఎక్కడున్నామో తెలియక వచ్చేవే. ఆ సంగతి ఇంట్లోవాళ్లకి ముందే తెలిసే ఏర్పాటు చేస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగానికే యాప్‌లు కావాలి. అవీ మూడు చాలు: దారి చూపేది ఒకటి, వినేది ఒకటి, మెసేజ్ చదివి పెట్టేది ఒకటి. నాలుగోది పెట్టుకున్నామంటే దాన్ని ముట్టుకోకుండా ఉండలేం.

కింద చెప్పిన వరుసలో చేసుకుంటూ వెళ్తే మొదటిసారి ఓ గంట పడుతుంది. ఆ తర్వాత ప్రతి ప్రయాణానికీ ఐదు నిమిషాలు సరిపోతాయి.

1. మీ బండిలో ఏముందో ముందు తేల్చుకోండి

ఏ యాప్ పనికొస్తుందన్నది ముందు బండిని బట్టి ఉంటుంది, ఫోన్ తర్వాత.

స్క్రీన్ ఉన్న కారైతే అది ఆండ్రాయిడ్ ఆటోకి గానీ ఆపిల్ కార్‌ప్లేకి గానీ కలుస్తుందేమో చూడండి. ఫోన్‌లోని మ్యాప్‌నీ పాటల్నీ కారు స్క్రీన్ మీద చూపించేవి ఇవి. ఆండ్రాయిడ్ 10 నుంచి ఆండ్రాయిడ్ ఆటో ఫోన్‌లోనే ఉంటుంది, విడిగా దించుకోనక్కర్లేదు. సెట్టింగ్స్ పైన వెతికే చోట ఆ పేరు కొడితే దొరుకుతుంది. కార్‌ప్లే కూడా ఐఫోన్‌లో ముందే ఉంటుంది. కేబుల్ పెట్టినా స్క్రీన్ మీద ఏమీ రావట్లేదంటే పది మందిలో తొమ్మిది మందికి కేబులే కారణం అని నా అనుభవం. షాపులో చవకగా దొరికే కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరావు. ఫోన్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్ తీసి పెట్టి చూడండి.

బ్లూటూత్ మాత్రమే ఉన్న కారైతే పాటలు, కాల్స్, మ్యాప్ గొంతు అన్నీ కారు స్పీకర్లలో వస్తాయి. మెసేజ్‌లు చదివించడం మాత్రం ఫోన్‌లోని వాయిస్ అసిస్టెంట్, అంటే నోటితో చెప్పిన పని చేసిపెట్టేది, చూసుకోవాలి. స్టీరింగ్ మీద బటన్లు ఉంటే పనులు చాలా సులువవుతాయి.

ఈ రెండూ లేని పాత కారులో ఫోన్‌ని కారు సెట్‌కి వైరుతో కలిపే ఆక్స్ కేబుల్ గానీ, చిన్న బ్లూటూత్ స్పీకర్ గానీ సరిపోతుంది. సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్లు ఊరి బయట బాగానే పని చేస్తాయి. హైదరాబాద్ లాంటి చోట రేడియో స్టేషన్లు ఎక్కువ కాబట్టి గరగర మంటుంది.

టూ వీలర్ సంగతి వేరు. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే వెనక నుంచి లారీ కొట్టే హారన్ వినబడదు. బైక్ మీద పాటా వద్దు, మెసేజూ వద్దు అన్నదే నా మాట. దారి తెలియకపోతే బయల్దేరే ముందు మ్యాప్ చూసుకుని, నాలుగైదు మలుపులు గుర్తు పెట్టుకుని, మళ్లీ అనుమానం వచ్చినచోట పక్కకి ఆపి చూసుకోవడం మేలు. ఇక్కడి నుంచి చెప్పేదంతా కారు నడిపేవాళ్లకి.

2. చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుంది

మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌ని 2019లో సవరించారు. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడడం ఇప్పుడు ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద లెక్క. మొదటిసారికి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా గానీ, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం చేతి ఫోన్‌ని దారి చూసుకోవడానికి మాత్రమే వాడొచ్చు, అదీ డ్రైవర్ ఏకాగ్రత చెడకుండా. సిగ్నల్ దగ్గర ఆగినా మీరు డ్రైవింగ్‌లో ఉన్నట్టే అనుకోండి.

జరిమానా కంటే ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి 22 మీటర్లు పోతుంది. ఒక మెసేజ్ చదవడానికి ఐదు సెకన్లు కళ్లు దించితే 110 మీటర్లు చూడకుండా నడిపినట్టు.

3. వినే యాప్‌ని ఎంచుకునే పద్ధతి

కోదాడ దాటాక ఒకసారి పాట మార్చబోయి స్క్రీన్ మీద వేలితో వెతుకుతున్నాను. తలెత్తేసరికి ముందు వడ్ల బస్తాల ట్రాక్టర్, వెనక లైట్ లేదు. బ్రేక్ పడింది కాబట్టి సరిపోయింది. వెనక సీట్లో అమ్మ చేతిలోని మంచినీళ్ల సీసా ఎగిరొచ్చి గేర్ పక్కన పడింది. యాప్‌లో లక్ష పాటలుంటే నాకేంటి, స్క్రీన్ చూడకుండా నడిపించగలనా లేదా అన్నదే ఆ రోజు నుంచి నా కొలత.

కారు ఇంటి ముందు ఆపి ఉండగా, ఫోన్ కారుకి కలిపి ఈ నాలుగు పరీక్షలు చేయండి.

☐ ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేసినా పాట ఆగకుండా వస్తోందా?
☐ స్టీరింగ్ బటన్‌తో గానీ నోటితో గానీ ముందుకి, వెనక్కి, ఆపడానికి వీలవుతోందా?
☐ ఫోన్‌ని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, బ్లూటూత్ మాత్రం మళ్లీ ఆన్ చేస్తే పాట వస్తోందా?
☐ కారు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆగినచోటు నుంచే మొదలవుతోందా?

నాలుగూ దాటితే ఆ యాప్ పెట్టుకోండి. మామూలు యూట్యూబ్ మొదటి పరీక్షలోనే ఆగిపోతుంది. డబ్బు కట్టని యూట్యూబ్‌లో స్క్రీన్ ఆఫ్ చేస్తే పాట ఆగుతుంది, ఆన్‌లో ఉంచితే వీడియో మీదికి కన్ను పోతుంది. డ్రైవింగ్‌కి అది పనికిరాదు.

పాటలకి స్పాటిఫై, జియోసావన్, గానా, యూట్యూబ్ మ్యూజిక్‌లలో మీరు ఇప్పటికే వాడుతున్నదే చాలు, డ్రైవింగ్ కోసం కొత్తది నేర్చుకోవద్దు. నాలుగింటిలోనూ తెలుగు పాటలు బోలెడు. యూట్యూబ్ మ్యూజిక్ మాత్రం డబ్బు కట్టినదైతేనే, లేకపోతే అదీ స్క్రీన్ ఆఫ్ చేస్తే ఆగుతుంది. తేడా డౌన్‌లోడ్ దగ్గర వస్తుంది. స్పాటిఫైలో డబ్బు కట్టకపోతే పాటలు డౌన్‌లోడ్ కావు, పాడ్‌కాస్టులు మాత్రం అవుతాయి. డబ్బు కట్టి దించుకున్నా 30 రోజులకి ఒకసారి యాప్‌ని నెట్‌కి కలపాలి, లేకపోతే దించుకున్నవి పోతాయి.

రేడియో అలవాటున్నవాళ్లకి ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ఉంది. ఆకాశవాణి తెలుగు కేంద్రాలు అందులో వస్తాయి. విజయవాడ కేంద్రం వింటూ పెరిగి ఇప్పుడు బెంగళూరులోనో డాలస్‌లోనో కారు నడిపేవాళ్లకి ఇది పెద్ద ఊరట. నెట్ ఉండాలి, అదొక్కటే ఇబ్బంది. మన దగ్గర ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకి కారులోని ఎఫ్ఎం రేడియోనే సులువు.

కథలు, ఆడియో పుస్తకాలకి దాసుభాషితం తెలుగు కోసమే ఉన్న యాప్. కుకూ ఎఫ్ఎం, పాకెట్ ఎఫ్ఎంలలోనూ తెలుగు ఉంది. వీటిలో ధారావాహికలు ఎక్కువ. పాడ్‌కాస్టులకి ఆండ్రాయిడ్‌లో యాంటెనాపాడ్ ఉచితం, ప్రకటనలు ఉండవు, కొత్త భాగాలు దానంతటదే దించుకుంటుంది. ఐఫోన్‌లో ఆపిల్ పాడ్‌కాస్ట్స్ సరిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్ల కోసం ప్రవచనాలు, పాత పాటలు ఎంపీ3లుగా దాచుకున్నవాళ్లు చాలామంది. వాళ్లు వీఎల్‌సీ పెట్టుకోండి. నెట్ అక్కర్లేదు, ఆండ్రాయిడ్ ఆటో స్క్రీన్ మీద కూడా కనబడుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని కారుకే గుచ్చినా మంచిదే, అప్పుడు ఫోన్‌తో పనే లేదు. కారు పెన్‌డ్రైవ్‌ని గుర్తించకపోతే దాన్ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి మళ్లీ కాపీ చేయండి.

ఏది ఎక్కడ వినాలన్నది కూడా చూసుకోవాలి. ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాటేదాకా, బెంజ్ సర్కిల్ దగ్గర, కథ వద్దు. మనసు కథలో ఉంటే పక్క నుంచి దూరే ఆటో కనబడదు. తెలిసిన పాట పెట్టుకోండి, లేదా అన్నీ ఆపేయండి. చౌటుప్పల్ దాటి రోడ్డు తేలికయ్యాక కథ మొదలుపెట్టుకోవచ్చు. నిద్ర వస్తోందని పాట గట్టిగా పెట్టడం మాత్రం మందు కాదు. ఆపి పడుకోవడమే.

4. ముందు రోజు రాత్రే దించుకోండి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లకి ఇది బాగా తెలుసు. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల అడవిలోకి వెళ్లాక చాలా దూరం సిగ్నల్ సరిగ్గా ఉండదు. పాట ఆగగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది, అదీ మలుపుల ఘాట్ రోడ్డులో. అరకు ఘాట్‌లోనూ ఇదే కథ.

ఎంత దించుకోవాలో లెక్క సులువు. పాట నాణ్యతని యాప్‌లు కేబీపీఎస్ లెక్కన చెప్తాయి, అంకె పెరిగితే నాణ్యత పెరుగుతుంది. 96 కేబీపీఎస్‌లో గంటకి సుమారు 43 ఎంబీ, 160 అయితే 72, 320 అయితే 144 ఎంబీ. కారు చప్పుడులో 160కీ 320కీ తేడా నాకైతే వినబడదు. ఐదు గంటల ప్రయాణానికి 160లో 360 ఎంబీ సరిపోతుంది. ప్రయాణం కంటే రెండు గంటలు ఎక్కువే దించుకోండి, ట్రాఫిక్ జామ్‌లో అక్కరకొస్తుంది.

మ్యాప్ కూడా ఇప్పుడే దించుకోవాలి. గూగుల్ మ్యాప్స్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆఫ్‌లైన్ మ్యాప్స్ అని ఉంటుంది. మీరు వెళ్లే ప్రాంతం మొత్తం ఆ చదరంలో పడేలా పెట్టి డౌన్‌లోడ్ నొక్కండి. నెట్ పోయినా దారి చెప్తుంది, ట్రాఫిక్ మాత్రం చూపదు.

పాటలన్నీ ఒకే ప్లేలిస్టులో పెట్టి, దానికి నోటితో పలకడానికి సులువైన పేరు పెట్టండి. నాది "రోడ్". అసిస్టెంట్‌కి "ప్లే రోడ్" అంటే చాలు. "పాత పాటలు కొత్తవి 2" అని పెడితే ఏ అసిస్టెంటూ పట్టుకోలేదు.

5. "ఎక్కడున్నావ్" అన్న మెసేజ్ రాకుండా చేయండి

నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే. మూడు దారులున్నాయి.

గూగుల్ మ్యాప్స్‌లో నావిగేషన్ మొదలుపెట్టాక కింది పట్టీని పైకి లాగితే ప్రయాణాన్ని షేర్ చేసే బటన్ ఉంటుంది. అమ్మకో, ఎదురుచూసే వాళ్లకో ఆ లింక్ పంపండి. మీరెక్కడున్నారో, ఎన్నింటికి చేరతారో వాళ్లకి ఫోన్‌లో కనబడుతుంది. మీరు చేరగానే దానంతటదే ఆగిపోతుంది.

మ్యాప్స్ అలవాటు లేని ఇంట్లో వాట్సాప్ లైవ్ లొకేషన్ సులువు. 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు ఎంపికలు ఉంటాయి. ఐదు గంటల ప్రయాణమైతే 8 గంటలది పెట్టి, చేరాక గుర్తుగా ఆపేయండి. లేకపోతే మీరు ఎక్కడెక్కడికి వెళ్లారో సాయంత్రం దాకా అందరికీ కనబడుతూనే ఉంటుంది. ఫ్యామిలీ గ్రూపులో పెడితే నలభై మంది చూస్తారు, ఒక్కరికే పంపండి.

మూడోది యాప్‌తో పనిలేనిది. బయల్దేరే ముందు ఒక్క వాయిస్ మెసేజ్: "అమ్మా, ఇప్పుడే బయల్దేరుతున్నా. సూర్యాపేటలో టిఫిన్‌కి ఆగినప్పుడు నేనే ఫోన్ చేస్తా. మధ్యలో మెసేజ్ పెట్టొద్దు. అర్జెంటైతే వెంటవెంటనే రెండుసార్లు ఫోన్ చెయ్యండి."

ఆ చివరి మాటకి ఒక కారణం ఉంది. ఫోన్ మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్ పెట్టినా, ఒకే నంబరు నుంచి రెండోసారి కాల్ వస్తే మోగేలా ఫోన్‌లో ఏర్పాటు ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో 15 నిమిషాల్లోపు, ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు రెండోసారి చేస్తే మోగుతుంది. ఆ సెట్టింగ్ ఆన్ చేసి, ఇంట్లోవాళ్లకి ఈ గుట్టు చెప్పి ఉంచండి. అప్పుడు మెసేజ్ ఏదో మిస్సయ్యానేమో అన్న టెన్షన్ మీకూ ఉండదు.

గ్రూపుల సంగతి: వాట్సాప్‌లో గోలగా ఉండే గ్రూపులన్నిటినీ ఆర్కైవ్‌లో పడేయండి. మిమ్మల్ని పేరు పెట్టి పిలిస్తేనో, మీకు జవాబు ఇస్తేనో తప్ప అవి చప్పుడు చేయవు.

ఐఫోన్‌లో ఫోకస్ కింద డ్రైవింగ్ అని ఉంటుంది. కారు బ్లూటూత్ కలవగానే దానంతటదే మొదలయ్యేలా పెట్టుకోవచ్చు. "నడుపుతున్నాను, ఆగాక చూస్తాను" అని తనే జవాబు పంపుతుంది, కాకపోతే ఆ జవాబు మామూలు మెసేజ్‌లకే, వాట్సాప్‌కి వెళ్లదు. సామ్‌సంగ్ ఫోన్లలో మోడ్స్ అండ్ రొటీన్స్ కింద డ్రైవింగ్ మోడ్ దొరుకుతుంది. వ్యాపారం చేసేవాళ్లు వాట్సాప్ బిజినెస్ వాడుతుంటే అందులో అవే మెసేజ్ అని ఉంటుంది, ఎవరు రాసినా మీరు రాసి పెట్టిన జవాబు తనే పంపుతుంది.

6. అయినా వచ్చే మెసేజ్‌లని చదివించుకోవడం

డెలివరీలు చూసుకునేవాళ్లకి, ఇంట్లో పేషెంట్ ఉన్నవాళ్లకి అన్నీ మూసుకుంటే కుదరదు. వాళ్లు డు నాట్ డిస్టర్బ్ తీసేసి చదివించుకునే పద్ధతి పెట్టుకోవాలి. రెండూ ఒకేసారి కుదరవు, ముందే ఏదో ఒకటి అనుకోండి.

ఆండ్రాయిడ్ ఆటోలో మెసేజ్ వస్తే స్క్రీన్ మీద చిన్న పట్టీ వస్తుంది. దాన్ని నొక్కితే గొంతుతో చదువుతుంది, ఆ తర్వాత జవాబు చెప్తారా అని అడుగుతుంది. కార్‌ప్లేలో ఈ పని ఐఫోన్ అసిస్టెంట్ సిరి చేస్తుంది. ఐఫోన్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ కింద అనౌన్స్ నోటిఫికేషన్స్ ఆన్ చేసి, అందులో కార్‌ప్లే ఎంచుకోవాలి. బ్లూటూత్ మాత్రమే ఉన్న కారులో ఆండ్రాయిడ్ ఫోన్‌తో "హే గూగుల్, రీడ్ మై మెసేజెస్" అనాలి.

అసలు చిక్కు మన భాషతో వస్తుంది. మనలో చాలామంది తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఇంగ్లీషు గొంతు దాన్ని ఇంగ్లీషులాగే చదువుతుంది. "ఎక్కడున్నావ్ రా" అన్నది "ఎక్-కేడ్-అన్నావ్" లాగా ఏదో వినబడుతుంది. అర్థం కాక చెయ్యి మళ్లీ ఫోన్ మీదికి పోతుంది. ఇక చదివించుకుని ఏం లాభం?

అందుకే ఇంటి దగ్గరే పరీక్ష పెట్టండి.

☐ ఇంట్లో ఒకరిని మూడు మెసేజ్‌లు పంపమనండి: తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి.
☐ మూడూ చదివించి ఏది అర్థమవుతోందో చూడండి.
☐ తెలుగు లిపిని అసలు చదవకపోతే సెట్టింగ్స్‌లో టెక్స్ట్ టు స్పీచ్ అని వెతికి, గూగుల్ గొంతు కింద తెలుగు దించుకుని మళ్లీ చూడండి.
☐ అర్థమయ్యే పద్ధతేదో తరచూ రాసే నలుగురికి చెప్పండి. గూగుల్ వారి కీబోర్డ్ జీబోర్డ్‌లో తెలుగు పెట్టి మైక్ నొక్కి మాట్లాడితే తెలుగు లిపిలోనే పడుతుంది, కొట్టే శ్రమ వాళ్లకీ తప్పుతుంది.

ఎంత చేసినా సరిగ్గా చదవకపోతే వదిలేయండి. ఆ నలుగురినీ ఫోన్ చేయమనడమే దారి.

నోటిఫికేషన్లన్నీ చదివిపెడతామని చెప్పే చిన్న చిన్న యాప్‌లు ప్లే స్టోర్‌లో కుప్పలు తెప్పలు. వాటి జోలికి పోవద్దు. అవి పని చేయాలంటే ఫోన్‌కి వచ్చే ప్రతి నోటిఫికేషన్ చూసే అనుమతి ఇవ్వాలి. అందులో మీ బ్యాంకు ఓటీపీ కూడా ఉంటుంది. ఎప్పుడో ఇచ్చి మర్చిపోయి ఉంటే సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ యాక్సెస్ అని వెతికి, తెలియని యాప్‌లకి తీసేయండి. కారులో వేరేవాళ్లున్నప్పుడు చదివించుకోవడం కూడా ఆపేయడం మంచిది. బ్యాంకు బ్యాలెన్సు, డాక్టర్ రిపోర్టు అందరి ముందూ స్పీకర్లో వస్తాయి.

7. నోటితో జవాబు చెప్పడం

జవాబు రెండు మూడు మాటలు దాటొద్దు. "సరే", "గంటలో వస్తా", "ఆగాక చేస్తా". దీనికంటే పెద్ద జవాబు కావాలంటే అది మెసేజ్ పని కాదు, పక్కకి ఆపి మాట్లాడాల్సిన పని. చేతులు ఖాళీగా ఉన్నా మనసు వాదనలో ఉంటే రోడ్డు కనబడదు.

అసిస్టెంట్‌కి కాంటాక్ట్ పేర్లు పెద్ద అడ్డంకి. "బావగారు కొత్తది జియో", "ప్లంబర్ మన వీధి" అని దాచుకుంటాం కదా, వాటిని అది పట్టుకోలేదు. దారిలో అవసరమయ్యే ఐదారుగురి పేర్లు మార్చండి. ఒక్కో మనిషికి ఒక్క మాట, ఒక్క నంబరు. అసిస్టెంట్‌తో ఇంగ్లీషులో మాట్లాడితే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో, తెలుగులో మాట్లాడితే తెలుగు లిపిలో ఉంచండి. ఇద్దరు సురేష్‌లుంటే "ఏ సురేష్?" అని అడిగి మిమ్మల్ని స్క్రీన్ చూసేలా చేస్తుంది.

పంపే ముందు అది మీ మెసేజ్ తిరిగి చదివి వినిపిస్తుంది. తప్పుంటే రద్దు చేయండి, సరిదిద్దుతూ కూర్చోవద్దు. ఫొటో, వాయిస్ మెసేజ్ వస్తే ఆగాకే.

8. ఫోన్ ఎక్కడ పెట్టాలి

మ్యాప్ ఫోన్‌లోనే చూస్తుంటే హోల్డర్ తప్పనిసరి. ఒళ్లో, కప్పు పెట్టే గుంతలో పెడితే తల పూర్తిగా దించాలి. స్టీరింగ్ పక్కన ఏసీ గాలి వచ్చే చోట బిగించేది మన ఎండలకి మంచిది, గాలికి ఫోన్ చల్లగా ఉంటుంది. అద్దానికి అతికించితే మే నెలలో మధ్యాహ్నానికి ఫోన్ కాలిపోతుంది. ఐఫోన్‌ని 35 డిగ్రీలలోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెప్తుంది. మన దగ్గర వేసవిలో నీడలోనే 40 దాటుతుంది. వేడెక్కిన ఫోన్ స్క్రీన్ మసకబారుతుంది, ఛార్జింగ్ ఆగుతుంది, ఒక్కోసారి మ్యాపే ఆగిపోతుంది.

ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చోట హోల్డర్ పెట్టొద్దు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే ఫోన్ రాయిలా మొహం మీదికి వస్తుంది.

ఆక్స్ కేబుల్ వాడుతూ ఛార్జర్ పెడితే స్పీకర్లలో గుయ్ మని రొద వస్తోందా? చాలాసార్లు అది నాసిరకం ఛార్జర్ పని. మంచిది కొనండి, లేదా వినేటప్పుడు ఛార్జింగ్ తీసేయండి.

9. బండి కదిలించే ముందు ఐదు నిమిషాలు

ఈ వరుస మార్చొద్దు. బ్లూటూత్ కలవకముందే పాట పెడితే ఫోన్ స్పీకర్లో మొదలై, కలిశాక తెగుతుంది.

☐ ఫోన్ కారుకి కలిసిందో లేదో చూసుకోవడం
☐ మ్యాప్‌లో గమ్యం పెట్టి, దారి ఒకసారి పూర్తిగా చూసుకోవడం
☐ ప్రయాణాన్ని ఒకరికి షేర్ చేయడం
☐ ప్లేలిస్ట్ మొదలుపెట్టడం
☐ మ్యాప్ గొంతు పాట మీద వినబడేలా వాల్యూమ్ సరిచేయడం
☐ డ్రైవింగ్ మోడ్ లేదా డు నాట్ డిస్టర్బ్ పెట్టడం
☐ ఫాస్టాగ్‌లో డబ్బు చూసుకోవడం

చివరిది ఈ వరుసలో ఎందుకంటే, పంతంగి టోల్ దగ్గర రీఛార్జ్ చేయడానికి లైన్లో ఫోన్ పట్టుకున్న డ్రైవర్లని ప్రతిసారీ చూస్తున్నాను.

పక్కన ఎవరైనా ఉంటే ఫోన్ పని మొత్తం వాళ్లకి అప్పగించండి. ఏ అసిస్టెంట్ కంటే పక్క సీటు మనిషే నయం.

గూగుల్ మ్యాప్స్ నావిగేషన్ సెట్టింగ్స్‌లో పాటల బటన్లు చూపించే ఎంపిక ఒకటి ఉంది. ఆన్ చేసి మీ పాటల యాప్ ఎంచుకుంటే మ్యాప్ మీదే ఆపడం, మార్చడం బటన్లు వస్తాయి, యాప్‌ల మధ్య తిరగనక్కర్లేదు. అక్కడే గొంతు తెలుగులోకి మార్చుకోవచ్చు.

10. తరచూ వచ్చే చిక్కులు, వాటి సవరణ

కాల్ కారులో వస్తోంది, పాట మాత్రం ఫోన్‌లోనే: బ్లూటూత్ సెట్టింగ్స్‌లో కారు పేరు పక్కన గుర్తు నొక్కండి. కాల్స్‌కి ఒకటి, మీడియాకి ఒకటి స్విచ్‌లుంటాయి. మీడియాది ఆఫ్‌లో ఉండి ఉంటుంది.

మ్యాప్ గొంతు వినబడట్లేదు: కారు సెట్ రేడియోలో ఉంటే బ్లూటూత్ గొంతు వినబడకపోవచ్చు. సెట్‌ని బ్లూటూత్‌కి మార్చండి. అయినా రాకపోతే మ్యాప్స్ నావిగేషన్ సెట్టింగ్స్‌లో బ్లూటూత్‌లో గొంతు వినిపించే స్విచ్ చూడండి.

అరగంటకోసారి పాట, మ్యాప్ ఆగిపోతున్నాయి: బ్యాటరీ మిగల్చడానికి ఫోనే వాటిని ఆపేస్తోంది. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లలో ఇది ఎక్కువ. ఆ రెండు యాప్‌ల సమాచారంలోకి వెళ్లి బ్యాటరీ కింద ఆంక్షలు తీసేయండి.

నోటితో ఏం చెప్పినా "ఫోన్ అన్‌లాక్ చేయండి" అంటోంది: అసిస్టెంట్ సెట్టింగ్స్‌లో లాక్ స్క్రీన్ మీద వ్యక్తిగత ఫలితాలకి అనుమతి ఇవ్వాలి. ఫోన్ ఎవరి చేతిలో ఉన్నా మెసేజ్‌లు చదివించుకోగలరు కాబట్టి, ప్రయాణం అయ్యాక తీసేయడం మంచిది.

ఇద్దరి ఫోన్లూ ఒకే కారుకి కలిపి ఉన్నాయి: మీరు కింద కారు స్టార్ట్ చేస్తారు, మేడ మీద మీ ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతుంటారు. ఆ కాల్ తీసుకెళ్లి కారు స్పీకర్లలో పడేస్తుంది. కొన్ని కార్లలో ఏ ఫోన్‌కి ముందు కలవాలో చెప్పే సెట్టింగ్ ఉంటుంది. లేకపోతే ఇంట్లో ఉన్నవాళ్ల ఫోన్‌లో బ్లూటూత్ ఆఫ్ చేయాల్సిందే.

దారిలో బండి ఆగిపోయింది, లేదా ప్రమాదం జరిగింది: జాతీయ రహదారి మీదైతే 1033, అంబులెన్స్‌కి 108, ఏ అత్యవసరానికైనా 112. ఈ మూడూ కాంటాక్ట్స్‌లో ముందే దాచుకోండి.

అద్దె కారు, స్నేహితుడి కారు: కలిపేటప్పుడు కాంటాక్ట్స్ ఇవ్వమంటారా అని అడుగుతుంది, వద్దనండి. పాటలకి అవి అక్కర్లేదు. పొరపాటున ఇచ్చేసి ఉంటే తాళం తిరిగిచ్చే ముందు కారు సెట్‌లో మీ ఫోన్ పేరు తీసేసి, మీ ఫోన్‌లో ఆ కారు పేరు మీద ఫర్‌గెట్ నొక్కండి. సెట్‌లో చివరిగా చేసిన కాల్స్ జాబితా ఇంకా కనబడుతోందేమో కూడా ఒకసారి చూసుకోండి.